వేపాకు, వెండి, మట్టిలో కలిసే సంచి

ఇంట్లో బదిలీ ఆర్డరు వచ్చిందంటే ముందు అట్టపెట్టెలు వస్తాయి, వాటి వెనకే ప్లాస్టిక్ వస్తుంది. గాజు సామానుకు బుడగల షీటు, పరుపులకు పెద్ద కవరు, ఆవకాయ జాడీ మూతికి రెండు పొరల పాలిథిన్, దానిమీద నాలుగు చుట్లు రబ్బరు బ్యాండు. కొత్త ఊళ్లో సామాను సర్దేసరికి ఆ ప్లాస్టికంతా గుమ్మం పక్కన గుట్టపడుతుంది. ఈ వ్యాసం రాస్తున్న మేము నలుగురం, పదకొండో తరగతి. నలుగురం కలిపి ఇంతవరకు చదివిన ఊళ్లు పదమూడు. కాబట్టి ఆ గుట్ట ఎంతుంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీకూ చెప్పక్కర్లేదు.

అయినా ప్లాస్టిక్‌ను తిట్టడం మా ఉద్దేశం కాదు. రెండు రాత్రుల రైలు ప్రయాణంలో తిండిని కాపాడేవాటిలో అదీ ఒకటి. అసలు తిండి ఎలా పాడవుతుందో ఒకసారి చూద్దాం. అమ్మ కట్టిచ్చిన పులిహోర రెండో రోజుకు ఇంకా రుచిగా ఉంటుంది. పక్క డబ్బాలోని ఇడ్లీ మాత్రం మర్నాటికే జిగురుపడుతుంది. రెండూ ఒకే పొయ్యిమీద వండినవే, ఒకే సంచిలో ప్రయాణించినవే. తేడా చింతపండుది. ఆ పులుపు, దానికి తోడు ఉప్పు, నూనె, పసుపు కలిసి బ్యాక్టీరియాను అంత తేలిగ్గా పెరగనివ్వవు. కవరు చేసే పని వేరు. అది బయటి గాలిని, తేమను, దుమ్మును ఆపుతుంది. లోపల అప్పటికే ఉన్న సూక్ష్మజీవుల జోలికి పోదు.

చింతపండు చేసే పని కవరే చేస్తే? ప్రయాణం అయ్యాక ఆ కవరు మట్టిలో కలిసిపోతే? ఈ రెండు కోరికలనూ ఒకే పొరలో తీర్చాలని మన దేశంలోనూ, బయటా చాలా ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. మట్టిలో కలిసే పాలిమర్‌తో పల్చని పొర చేస్తారు. ఆకుల రసంతో తయారైన వెండి నానో కణాలను అందులో కలుపుతారు. వినడానికి ఎంతో బాగుంది. కానీ ఈ రెండు కోరికలూ ఒకదానితో ఒకటి గొడవపడతాయని చదువుతున్నకొద్దీ మాకు అర్థమైంది. ఆ గొడవ గురించే ఈ వ్యాసం.

ముందు మామూలు పాలిథిన్ సంగతి. 1933లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇథిలీన్ వాయువును విపరీతమైన ఒత్తిడికి గురిచేసి వేరే ఏదో ప్రయోగం చేస్తుంటే, పాత్రలో తెల్లని మైనం లాంటి పదార్థం మిగిలింది. అదే పాలిథిన్. పాలిమర్ అంటే ఒకే రకం పూసలు గుచ్చిన పొడవాటి దండ అనుకోండి. పాలిథిన్ దండ పొడవునా ఉండేవి కార్బన్-కార్బన్ బంధాలే. మట్టిలోని బ్యాక్టీరియా అయినా, శిలీంధ్రమైనా ఒక పెద్ద అణువును తినాలంటే ముందు దాన్ని ముక్కలు చేసుకోవాలి. అందుకు వాటి దగ్గర ఎంజైములనే కత్తెరలున్నాయి. పాలిథిన్ మీద ఆ కత్తెరలు దాదాపు పనిచేయవు. అందుకే గుమ్మం పక్కన గుట్టపడ్డ ఆ కవరు మనకంటే ఎక్కువకాలం ఉంటుంది.

ప్రకృతి చేసే పాలిమర్లు అలా ఉండవు. బియ్యంలోని పిండి, పత్తిలోని సెల్యులోజు, పట్టు, ఉన్ని, రొయ్య పెంకు ఇవన్నీ పాలిమర్లే. ఈ దండల్లో పూసకూ పూసకూ మధ్య ఆక్సిజనో, నైట్రోజనో ఉంటుంది. కత్తెర పడేది సరిగ్గా అక్కడే. వీటిని తినడం సూక్ష్మజీవులకు కోట్ల ఏళ్లుగా అలవాటు. మట్టిలో కలిసే పొరలు చేయాలనుకునేవాళ్లు అందుకే వీటి దగ్గరికే వెళ్తారు.

రొయ్య పెంకు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మన వైపు కథ. దేశంలో సాగయ్యే రొయ్యల్లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌దే. భీమవరం, నెల్లూరు వైపు చుట్టాలున్నవాళ్లకు ఆ చెరువులు తెలిసే ఉంటాయి. రొయ్యను ఒలిచి ఎగుమతికి పంపేటప్పుడు తల, పెంకు కలిపి బరువులో సుమారు 40 నుంచి 50 శాతం మిగిలిపోతుంది. వదిలేస్తే కుళ్లి కంపు కొడుతుంది. ఆ పెంకును ఆమ్లంలో నానబెడితే సున్నం పోతుంది, క్షారంలో ఉడికిస్తే మాంసకృత్తులు పోతాయి, మిగిలేది కైటిన్. దాన్ని ఇంకా ఘాటైన వేడి క్షారంలో ఉంచితే చిటోసాన్ అవుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చాలాకాలంగా ఈ పని మీద ఉంది. చిటోసాన్ మామూలు నీళ్లలో కరగదు, పల్చని ఎసిటిక్ ఆమ్లంలో, అంటే నీళ్లు కలిపిన వెనిగర్ లాంటి దానిలో కరుగుతుంది. పళ్లెంలో పోసి ఆరబెడితే పారదర్శకమైన పొర వస్తుంది. ఆమ్లంలో దాని అణువుల మీద ధనావేశం ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియాను కొంతవరకు అదే అడ్డుకుంటుంది కూడా.

పెరుగును పుల్లగా చేసే లాక్టిక్ ఆమ్లం అణువులను గుచ్చితే వచ్చే దండ పేరు పాలీలాక్టిక్ ఆమ్లం, పొట్టిగా పీఎల్ఏ. మొక్కజొన్న చక్కెరను పులియబెట్టి దీన్ని చేస్తారు. కంపోస్టయ్యే కప్పుల్లో తరచుగా ఉండేది ఇదే. అయితే ఒక మెలిక ఉంది. పీఎల్ఏ త్వరగా కుళ్లాలంటే దాదాపు 58 డిగ్రీల సెల్సియస్ వేడి, తేమ ఉన్న పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. ఇంటి వెనక జామచెట్టు కింద పాతిపెడితే అది ఏళ్లతరబడి అలాగే ఉండిపోవచ్చు. సముద్రంలోనూ అంతే. ‘మట్టిలో కలుస్తుంది’ అన్న మాట వినగానే ఏ మట్టిలో, ఎంత వేడిలో, ఎన్నాళ్లకు అని అడగాలని మేము నేర్చుకున్నది ఇక్కడే.

పిండితో అయితే పొర మీరే చేసి చూడొచ్చు. ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, నాలుగు చెంచాల నీళ్లు, చిన్న చెంచాతో గ్లిసరిన్, చిన్న చెంచాతో వెనిగర్. పెద్దవాళ్లు పక్కన ఉండగా సన్నని మంటమీద కలుపుతూ ఉంటే గంజిలా చిక్కబడి, తెలుపు పోయి అద్దంలా అవుతుంది. నూనె రాసిన స్టీలు పళ్లెంలో పల్చగా పరిచి రెండు రోజులు ఆరబెట్టండి. గ్లిసరిన్ తగ్గిస్తే అప్పడంలా పెళుసుగా విరుగుతుంది, ఎక్కువైతే చేతికి అతుక్కుంటుంది. దండల మధ్యలో దూరి వాటిని ఒకదానిమీద ఒకటి జారనివ్వడం గ్లిసరిన్ పని.

ఆ పొరను తడిగుడ్డలో చుట్టి వారం ఉంచితే రెండో పాఠం తెలుస్తుంది. నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, ఆపైన బూజు పడుతుంది. ఆశ్చర్యం ఏముంది? మట్టిలోని సూక్ష్మజీవికి తిండి అయినది రొట్టె మీది బూజుకూ తిండే. పాలిథిన్‌ను ఏదీ తినదు కాబట్టే అది మన తిండికి కాపలా కాయగలుగుతోంది. తినదగిన కవరుకు మరో కాపలాదారు కావాలి. ఇక్కడికి వెండి వస్తుంది.

వెండికి ఈ పేరు కొత్తగా వచ్చింది కాదు. మన ఇళ్లలో పసిపిల్లల ఉగ్గుగిన్నె చాలాచోట్ల వెండిదే. అలా ఎందుకు పెట్టారో రాసిపెట్టినవాళ్లు లేరు గానీ, వైద్యంలో వెండి వాడకానికి మాత్రం గట్టి చరిత్ర ఉంది. 1880 ప్రాంతంలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ క్రేడే అనే వైద్యుడు, పుట్టగానే కళ్లకు సోకి చూపు పోగొట్టే ఒక ఇన్‌ఫెక్షన్‌ను ఆపడానికి పసికందుల కళ్లలో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. కాలిన గాయాలకు ఇప్పటికీ ఆస్పత్రుల్లో రాసే తెల్లని మందు సిల్వర్ సల్ఫాడయజీన్. అది 1960ల చివర్లో వచ్చింది.

వెండి బ్యాక్టీరియాను ఎలా చంపుతుందో తెలుసుకోవాలంటే మీ చెల్లెలి కాళ్ల పట్టీలు చూడండి. కొన్నప్పుడు తళతళలాడతాయి, కొన్ని నెలలకు నల్లబడతాయి. పళ్లపొడితో తోమితే మళ్లీ మెరుస్తాయి. ఆ నలుపు మురికి కాదు. గాలిలో, చెమటలో ఉండే గంధకపు సమ్మేళనాలతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ అయింది. వెండికి గంధకమంటే అంత ఇష్టం. బ్యాక్టీరియా లోపల ఎన్నో ప్రొటీన్లలో గంధకం ఉంటుంది. ఆ ప్రొటీన్ల ఆకారమూ పనీ చాలావరకు దానిమీదే ఆధారపడతాయి. వెండి లోహం మీద తేమ, ఆక్సిజన్ పడితే కొద్దికొద్దిగా వెండి అయాన్లు బయటికి వస్తాయి. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న వెండి పరమాణువును వెండి అయాన్ అంటారు. అది బ్యాక్టీరియాలోకి వెళ్లి ఆ గంధకాన్ని పట్టుకుని వదలదు. ఊపిరి తీసే ఎంజైములు ఆగిపోతాయి, పైపొర చిల్లులు పడుతుంది. పట్టీని నల్లబరిచే ఆకర్షణే బ్యాక్టీరియాను చంపుతోందన్నమాట. ఈ గంధకం కథను గుర్తుపెట్టుకోండి, ఇంకోచోట మళ్లీ పని పడుతుంది.

మరి నానో ఎందుకు? ఒక చిన్న లెక్క. పంచదార బిళ్లంత, ఒక్కో అంచు 1 సెంటీమీటరు ఉన్న వెండి ఘనం తీసుకోండి. దాని బరువు పదిన్నర గ్రాములు, పైతలం 6 చదరపు సెంటీమీటర్లు. అయాన్లు బయటికి వచ్చేది పైతలం నుంచే. లోపలి వెండి ఊరికే కూర్చుంటుంది. దాన్నే 10 నానోమీటర్ల అంచు ఉన్న ఘనాలుగా కోశామనుకోండి. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు. అప్పుడు ముక్కల సంఖ్య 1 పక్కన 18 సున్నాలు. వాటి పైతలాలన్నీ కలిపితే 600 చదరపు మీటర్లు. మన బడి బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, అంటే 420 చదరపు మీటర్లు. పంచదార బిళ్లంత వెండి ఆ కోర్టును కప్పి ఇంకా మిగులుతుంది. మేము ఈ లెక్కను మూడుసార్లు వేశాం, నమ్మశక్యం కాక. మీరూ వేయండి.

అంత చిన్న కణాలను కత్తితో కోయలేం కదా. కింది నుంచి పైకి కట్టాలి. సిల్వర్ నైట్రేట్ నీళ్లలో కరిగితే వెండి అయాన్లు విడివిడిగా తిరుగుతాయి. ఒక్కో అయాన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇస్తే వెండి పరమాణువు అవుతుంది. తరగతిలో దీన్నే రిడక్షన్ అని చదువుకుంటాం, తెలుగు పుస్తకాల్లో క్షయకరణం అంటారు. అలా తయారైన పరమాణువులు గుమిగూడి కణాలవుతాయి. మామూలుగా ఈ ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి సోడియం బోరోహైడ్రైడ్ లాంటి ఘాటు రసాయనాలు వాడతారు. ఆ పని మొక్కలకు అప్పగించవచ్చని ఈ శతాబ్దం మొదట్లో తేలింది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఎల్ పాసోలో శాస్త్రవేత్తలు వెండి అయాన్లున్న మాధ్యమంలో అల్ఫాల్ఫా మొలకలను పెంచి, ఆ మొక్కల లోపలే వెండి నానో కణాలు ఏర్పడ్డాయని 2003లో ప్రకటించారు. మన పశువులకు వేసే లూసర్న్ గడ్డే అల్ఫాల్ఫా. మరుసటి ఏడాది, 2004లో, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం ఇంకా తేలికైన దారి చూపింది. మొక్కను పెంచనక్కర్లేదు, వేపాకును ఉడికించిన కషాయం చాలు. కొద్ది గంటల్లోనే వెండి కణాలు తయారయ్యాయి. ఆ తర్వాత తులసి, కలబంద, మందారం, టీ ఆకు, దానిమ్మ తొక్క అంటూ వంటింట్లో, పెరట్లో ఉన్న దేన్నీ పరిశోధకులు వదిలిపెట్టలేదు.

గాజు బీకరులో జరిగేది చూడముచ్చటగా ఉంటుంది. లీటరు స్వేదన జలంలో 0.17 గ్రాముల సిల్వర్ నైట్రేట్, అంటే చిటికెడు. నీళ్లు స్వేదనం చేసినవే కావాలి. కుళాయి నీళ్లు పోస్తే వాటిలోని క్లోరైడుతో కలిసి తెల్లగా విరిగిపోతుంది. సాల్ట్ అనాలిసిస్‌లో క్లోరైడుకు మనం చేసే పరీక్ష అదే. ఈ ద్రావణంలో వడకట్టిన వేపాకు కషాయం కొద్దిగా కలిపితే లేత పసుపు రంగు మెల్లగా ముదిరి టీ డికాషన్ రంగుకు వస్తుంది. వెండి తెల్లనిది కదా, ఈ గోధుమ రంగు ఎక్కడిది? అంత చిన్న కణంలోని ఎలక్ట్రాన్లన్నీ కాంతి తగలగానే ఉయ్యాలలా ఒక్కసారిగా ఊగుతాయి. ఆ ఊపుకు సరిపడే ఊదా, నీలి కాంతిని మింగేస్తాయి. మిగిలిన కాంతి మన కంటికి పసుపుగా, గోధుమగా కనిపిస్తుంది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో 4వ శతాబ్దపు రోమన్ గాజు గిన్నె ఒకటుంది, పేరు లైకర్గస్ కప్పు. బయటి వెలుగులో ఆకుపచ్చగా, లోపల దీపం పెడితే ఎర్రగా కనిపిస్తుంది. గాజులో వెండి, బంగారం నానో కణాలుండటమే కారణం. చేసినవాళ్లకు నానో అన్న మాట తెలియదు.

వేపాకులో ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఎవరు? పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు, టెర్పినాయిడ్లు, కొన్ని చక్కెరలు. కోసిన వంకాయ నల్లబడేటప్పుడు గాలికి ఎలక్ట్రాన్లు అప్పగించేది ఈ పాలీఫినాల్ కుటుంబమే. ఇవే అణువులు, వాటితోపాటు ఆకులోని ప్రొటీన్లు, తయారైన కణం చుట్టూ చొక్కాలా అతుక్కుని కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తాయి. ఒకే ఆకు రెండు పనులు చేసిపెట్టింది.

అయితే ‘మొక్కలు చేసిన వెండి’ అన్న మాట మాకు కొంచెం అతిగా అనిపిస్తుంది. వెండిని మొక్క చేయలేదు. మన దేశపు వెండి ఎక్కువగా రాజస్థాన్‌లో జింకు, సీసం గనుల నుంచి వస్తుంది. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తేనే సిల్వర్ నైట్రేట్. మొక్క చేసింది చివరి అంచె మాత్రమే. అదీ ప్రతిసారీ ఒకేలా చేయదు. లేత ఆకు, ముదురు ఆకు, ఎండాకాలపు ఆకు, వాన తర్వాతి ఆకు వీటిలో పాలీఫినాల్స్ పాళ్లు వేరు. దాంతో కణాల సైజు మారుతుంది. సైజు మారితే గుణం మారుతుంది. అమ్మమ్మ చేతి చారు రుచి రోజూ ఒకేలా లేకపోయినా ఫరవాలేదు, ఫ్యాక్టరీ సరుకు అలా ఉంటే కుదరదు. ఇన్ని ఆకులతో ఇన్ని ప్రయోగాలు జరిగినా బజారులో ఈ సంచులు కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

కణాలు సిద్ధమయ్యాక పొర చేయడం తేలిక. చిటోసాన్, పిండి, లేదా పాలీవినైల్ ఆల్కహాల్ ద్రావణంలో వెండి కణాల ద్రావణం కలిపి, గ్లిసరిన్ చేర్చి, గాజు పళ్లెంలో పోసి, 40, 50 డిగ్రీల వేడిలో ఆరబెట్టి ఒలుస్తారు. పొర లేత తేనె రంగులో ఉంటుంది. కణాలు కొద్దిగా, సమంగా ఉంటే పొర బలం కూడా కొంత పెరగవచ్చు. ఎక్కువైతే ముద్దలు కట్టి అక్కడే చిరుగుతుంది.

ఇక పరీక్ష. అగర్ పళ్లెంలో ఇ.కోలి బ్యాక్టీరియాను పూసి, మధ్యలో బొట్టుబిళ్లంత పొర ముక్క పెట్టి, 37 డిగ్రీల వద్ద ఒక రోజు ఉంచుతారు. పళ్లెమంతా బ్యాక్టీరియా తెల్లగా పెరుగుతుంది. పొర చుట్టూ మాత్రం ఖాళీ వలయం ఉంటుంది. వలయం ఎంత పెద్దదైతే పొర అంత గొప్పదని చాలామంది రాస్తారు. మాకు ఇక్కడ ఒక అనుమానం వచ్చింది. బ్యాక్టీరియా పొరను తాకకుండానే దూరంగా చచ్చిందంటే, పొరలోంచి వెండి బయటికి వచ్చి అంతదూరం పాకిందనే కదా? బలాన్ని చూపే వలయమే కారడాన్నీ చూపుతోంది. అగర్ స్థానంలో పన్నీరు ముక్క ఉంటే ఆ వెండి పన్నీరులోకి వెళ్తుంది.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. వాడుతున్నంతసేపూ పొర సూక్ష్మజీవులను చంపాలి. పారేసిన మర్నాటి నుంచి అవే సూక్ష్మజీవులు వచ్చి దాన్ని తినాలి. ఇంట్లోకి రానివ్వకుండా కర్రపట్టుకుని నిలబెట్టిన కాపలావాడే, సాయంత్రం వాళ్లను భోజనానికి పిలవాలన్నమాట. వెండి పాలు పెరిగేకొద్దీ పొర కుళ్లడం నెమ్మదించే ప్రమాదం ఉంది. పాలిమర్ పూర్తిగా కుళ్లిపోయినా వెండి ఎక్కడికీ పోదు. అది మూలకం, ఏ బ్యాక్టీరియా దాన్ని ముక్కలు చేయలేదు. సంచి మాయమవుతుంది, వెండి మట్టిలో ఉంటుంది.

ఎంత వెండి? 5 గ్రాముల సంచిలో నూటికి ఒక వంతు వెండి ఉందనుకుందాం. అంటే 50 మిల్లీగ్రాములు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో వెండి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. ఆ సంచిలోని వెండంతా నీటిలోకి దిగితే దాన్ని ఆ హద్దుకు పల్చబరచడానికి 500 లీటర్లు, అంటే డాబా మీద నల్ల ట్యాంకు నిండా నీళ్లు కావాలి. ఒక్క సంచికి. మనుషులకు ఈ మోతాదు వెంటనే ప్రమాదం కాకపోవచ్చు. చెరువులో తిరిగే డాఫ్నియా అనే నీటి ఈగ సంగతి వేరు. లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల వెండి అయాన్లకే అది చచ్చిపోతుంది. దాన్ని తిని చిన్న చేపలు బతుకుతాయి.

ఇక్కడే గంధకం మళ్లీ వస్తుంది, ఈసారి మంచి వార్తతో. మురుగునీటిలో గాలి ఆడని చోట గంధకపు సమ్మేళనాలు పుష్కలంగా ఉంటాయి, ఆ కంపు వాటిదే. వెండి కణాలు అక్కడికి చేరితే పట్టీలకు జరిగినట్టే జరుగుతుంది, సిల్వర్ సల్ఫైడ్ అవుతాయి. అది నీటిలో దాదాపు కరగదు కాబట్టి విషం చాలావరకు తగ్గుతుంది. మురుగునీటి శుద్ధి కేంద్రాల బురదలో శాస్త్రవేత్తలు దీన్ని చూశారు కూడా. అయితే మన సంచులన్నీ శుద్ధి కేంద్రం దాకా వెళ్తాయా? రైలు పట్టాల పక్కన, కాలువ గట్టున పడే సంచికి ఆ అదృష్టం లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1975లో అమెరికాలోని బోస్టన్‌లో కాలిన గాయాల వార్డులో వెండికి లొంగని సాల్మొనెల్లా బ్యాక్టీరియా బయటపడింది. ఆ వార్డులో గాయాలకు సిల్వర్ నైట్రేట్ వాడేవారు. వెండిని బయటికి తోసేసే జన్యువులు దానిలో ఉన్నాయని తర్వాత కనిపెట్టారు. యాంటీబయాటిక్స్ విషయంలో మనం చూస్తున్న కథే ఇది. ఉల్లిపాయల సంచి నుంచి చెప్పుల అట్ట దాకా అన్నిటిలోనూ వెండి చల్లితే, నిజంగా కావలసిన రోజున ఆస్పత్రిలో అది పనిచేయకపోవచ్చు.

అందుకని మేము నలుగురం వాదించుకుని ఒక అభిప్రాయానికి వచ్చాం. ముగ్గురం గట్టిగా, ఒకరు సణుగుతూ. కాలిన గాయం మీద వేసే చిటోసాన్ పొరలో వెండి ఉండటం సబబే. పొర చిన్నది, అవసరం పెద్దది, వాడాక ఆస్పత్రి చెత్తతో విడిగా వెళ్తుంది. నీటి ఫిల్టరులోనూ సబబే. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్ ఫిల్టరులో వరి ఊక బూడిదకు వెండి నానో కణాలను అతికించారు. వెండి ఒకచోట కట్టుబడి ఉంటుంది, ఒక్క గుళిక నెలలతరబడి పనిచేస్తుంది. అరగంటలో చేతిలోంచి చెత్తబుట్టలోకి వెళ్లే సంచికి మాత్రం వెండి దండగ. సణిగిన మా స్నేహితుడి వాదన కూడా చెప్పాలి. పండో, చేపో పాడై పారేస్తే దాన్ని పండించడానికి పెట్టిన నీళ్లూ ఎరువులూ డీజిలూ అన్నీ పారేసినట్టే, కాబట్టి దూరం వెళ్లే సరుకుకు కొద్ది వెండి వాడితే తప్పేమిటని. దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. పొరలోంచి వెండి ఎంత బయటికి వస్తోందో కొలిచి, ఆ అంకెను సంచి మీద ముద్రిస్తే ఒప్పుకుంటామన్నాం.

అన్నిటికీ ప్రయోగశాల అక్కర్లేదని కూడా మా నాలుగో వాడే గుర్తుచేశాడు. విశాఖ మన్యంలో అడ్డాకులు, తెలంగాణలో మోదుగాకులు ఈనెపుల్లలతో కుట్టి విస్తర్లు చేస్తారు. ఒక పూట భోజనానికి అంతకంటే మంచి పొర ఎవరూ కనిపెట్టలేదు. భోజనం అయ్యాక గేదె తింటుంది, లేకపోతే మట్టి తింటుంది.

కొత్త ఊళ్లో సరుకులకు వెళ్లినప్పుడు సంచి మీది అక్షరాలు చదవండి. 2022 జూలై 1 నుంచి దేశంలో స్ట్రాలు, ప్లాస్టిక్ పళ్లేలు, చెంచాలు లాంటి ఒక్కసారి వాడి పారేసే కొన్ని వస్తువులను నిషేధించారు. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి చేతిసంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కంపోస్టయ్యే సంచికి ఆ మందం నియమం వర్తించదు, కానీ అది ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణానికి తగ్గట్టు ఉండాలి. ఆకుపచ్చ రంగు, ఒక ఆకు బొమ్మ, ‘ఎకో’ అన్న మాట ఉంటే చాలదు. ఆ అంకె ఉందో లేదో చూడండి.

చివరిగా ఒక ప్రయోగం. దీన్ని బదిలీల పిల్లలమైన మనం చేసినంత బాగా ఇంకెవరూ చేయలేరు. పైన చెప్పిన పిండి పొర, మామూలు పాలిథిన్, ఎండిన అడ్డాకు లేదా మోదుగాకు, ఒక్కోటి 5 సెంటీమీటర్ల చదరపు ముక్క కోయండి. ల్యాబ్ తూకంలో తూచి, విడివిడిగా ఉల్లిపాయల వల సంచుల్లో వేయండి. ఆ వల ఎలాగూ కుళ్లదు కాబట్టి ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చి, వారానికోసారి తీసి తూచండి. వెండి ఉన్న పొరను మాత్రం బడి మట్టిలో పూడ్చవద్దు. కారణం పైన రాశాం. ఆ రోజు ఎండా వానా, మట్టి ఇసుకా నల్లరేగడా అన్నీ పుస్తకంలో రాయండి. మధ్యలో బదిలీ వస్తే పుస్తకం వెంట తీసుకెళ్లి కొత్త ఊళ్లో మళ్లీ మొదలుపెట్టండి. జైసల్మేర్ ఇసుకలో, షిల్లాంగ్ వానలో, లేహ్ చలిలో, విశాఖ సముద్రపు గాలిలో ఒకే పొర ఎన్ని వారాలు నిలుస్తుందో ఏ ఒక్క ప్రయోగశాలా ఒక్కచోట కూర్చుని చెప్పలేదు. మీ అంకెలు ఈ పత్రిక తెలుగు విభాగానికి పంపితే వచ్చే సంచికలో పట్టిక వేద్దాం. తూచేముందు ముక్కను మెత్తని బ్రష్‌తో దులిపి నీడలో పూర్తిగా ఆరనివ్వండి. అంటుకున్న తడి మట్టి బరువు, పొర పోగొట్టుకున్న బరువుకంటే ఎక్కువే ఉంటుంది.